బత్తాయి తోటలోకి మకాం మార్చే ముందు

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఉపాధ్యాయుడిని. ముప్పై ఏళ్ల నాటి స్నేహితుడు బోర్లు వేయించడానికి అప్పు తీసుకుంటే నేను జామీను సంతకం పెట్టాను. నాలుగు బోర్లు వేయించాడు, ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు. కిస్తీలు ఆగిపోయాయి. రెండేళ్లుగా నా జీతంలోంచి కోత పడుతోంది. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ మనిషి నాకు ముఖం చూపించడమే మానేశాడు. మిగతా మిత్రులు నా ముందు అయ్యో అంటారు, నా వెనక ‘బుద్ధి ఉన్నవాడెవడైనా సంతకం పెడతాడా’ అని నవ్వుకుంటారు. ఆరు నెలల కిందట బడి పిల్లలను తీసుకుని, పాత బౌద్ధ క్షేత్రం ఫణిగిరికి వెళ్లాను. అప్పటి నుంచి బౌద్ధ గ్రంథాలు చదువుతున్నాను. ‘ఖడ్గమృగంలా ఒంటరిగా సంచరించు’ అన్న మాట నా కోసమే చెప్పినట్టు అనిపించింది. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో మాకు బత్తాయి తోట ఉంది. మోటారు గది పక్కన ఇంకో గది వేసుకుని, బడి వేళలు తప్ప మిగతా కాలమంతా అక్కడే ఉండాలని, ఫోను తీసేయాలని, ఇక జన్మలో ఎవరితోనూ స్నేహం పెట్టుకోకూడదని అనుకుంటున్నాను. నా భార్య ‘ఇది వైరాగ్యం కాదు, అలక’ అంటోంది. ఒక్క మిత్రుడు మాత్రం రోజూ సాయంత్రం ఇంటికి వస్తాడు. ఏమీ అడగడు. చాయ్ తాగి, పేపరు చదువుకుని వెళ్లిపోతాడు. అతన్నీ రావద్దని చెప్పాలనుకుంటున్నాను, నోరు రావడం లేదు. రాత్రి మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. బౌద్ధం ప్రకారం నా నిర్ణయం సరైనదేనా?

సమాధానం: మీ మనసుకు తగిలిన ఆ మాట దగ్గరే మొదలుపెడదాం. అది సుత్తనిపాతం అనే పాళీ బౌద్ధ గ్రంథంలోని ఖగ్గవిసాణ సుత్తంలోది. మొత్తం 41 గాథలు. ‘ఏకో చరే ఖగ్గవిసాణకప్పో’ అన్న పాదం పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది. బిడ్డల మీది మమకారం, బంధువుల పిలుపులు, కొలువులో చాకిరీ, ఒక్కొక్క బంధాన్నీ పేరు పెట్టి చెప్పి, ఒంటరిగా వెళ్లు, ఒంటరిగా వెళ్లు అంటుంది. అలసిన మనిషి చేతిలో ఈ గాథలు పడితే ఎంత ఊరటగా ఉంటాయో నాకు తెలుసు.

అయితే ఈసారి పుస్తకం తెరిచినప్పుడు ఒక్కో గాథ చివరి పాదాన్నీ వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లండి. ఒక్క గాథలో ‘ఒంటరిగా వెళ్లు’ అన్న మాట ఉండదు. అది సరిగ్గా స్నేహితుడు కనిపించే చోటు. వివేకం ఉన్నవాడు, మంచి నడవడి ఉన్నవాడు, ధీరుడు తోడుగా దొరికితే అన్ని ఆపదలనూ దాటుకుంటూ సంతోషంగా, ఎరుకతో అతనితో కలిసి నడువు అంటుంది ఆ గాథ. పల్లవి అక్కడికి వచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాతి గాథలో కదా, అలాంటి తోడు దొరకకపోతే ఒంటరిగా వెళ్లమన్నది! అది కూడా ఎలా వెళ్లాలి? జయించిన రాజ్యాన్ని వదిలిపెట్టి వెళ్లే రాజులా వెళ్లాలి.

ఈ పోలిక దగ్గర కాసేపు ఆగండి. గెలిచిన రాజు వదిలి వెళ్లడం వేరు, ఓడిన రాజు కోట దొడ్డిదారిన బయటపడడం వేరు. మీ ఉత్తరంలో నాకు కనిపించింది రెండో రాజు. మీరు స్నేహాన్ని పూర్తిగా అనుభవించి, దాని లోతు చూసి, ఇక చాలు అనుకుని బయలుదేరడం లేదు. దెబ్బ తిని, గాయం మీద గుడ్డ చుట్టుకుని వెళ్తున్నారు. అందులో తప్పేమీ లేదు, గాయపడినవాడు ఒక మూల కూర్చోవడం సహజం. కాని దానికి ఖడ్గమృగం పేరు పెట్టకండి.

మీ ఇంటావిడ రెండు ముక్కల్లో చెప్పిందీ ఇదే. ఆమె మాట మీకు ముల్లులా గుచ్చుకుంది, అందుకే ఉత్తరంలో రాశారు. మన తప్పు చూపించి మందలించే వివేకవంతుడిని నిధి ఎక్కడుందో చూపించే మనిషిలా భావించి అంటిపెట్టుకుని ఉండమని ధమ్మపదం చెబుతుంది. ఇంకో చోట, బుద్ధుడి బోధల సంపుటమైన సంయుత్త నికాయంలో, మనిషికి పరమ మిత్రం ఎవరని అడిగితే, ‘భార్య’ అని జవాబు వస్తుంది. స్నేహాలన్నీ తెంచుకుంటానని మీరు అంటున్నప్పుడు ఆ లెక్కలో ఆమె ఉన్నదో లేదో మీరు రాయలేదు. ఆమెకు ఆ ప్రశ్న తప్పకుండా వచ్చి ఉంటుంది.

ఇక తోట సంగతి. మీ ఉత్తరంలో మోటారు గది, బత్తాయి చెట్లు అని చదవగానే నాకు మేఘియుడు గుర్తుకు వచ్చాడు.

మేఘియుడనే భిక్షువు చాలికా అనే చోట బుద్ధుడికి ఉపచారాలు చేస్తుండేవాడు. ఒక రోజు జంతుగ్రామంలో భిక్ష ముగించుకుని కిమికాళా నది ఒడ్డున నడుస్తుంటే ఒక మామిడి తోట కనిపించింది. చల్లని నీడ, మనుషుల అలికిడి లేదు. ధ్యానానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాడు. వచ్చి బుద్ధుడిని అనుమతి అడిగాడు. బుద్ధుడు, ‘కొంచెం ఆగు మేఘియా, నేను ఒక్కడినే ఉన్నాను, ఇంకో భిక్షువు ఎవరైనా వచ్చేదాకా ఉండు’ అన్నాడు. సమస్తాన్నీ వదిలేసిన ఆయన నోటి నుంచి ఇంత మామూలు మాట రావడం నాకు ఎప్పుడు చదివినా కొత్తగానే ఉంటుంది. నేను ఒక్కడినే ఉన్నాను, ఉండు. మేఘియుడు వినలేదు. ‘మీరు సాధించవలసింది ఏమీ మిగల్లేదు, నాకు ఇంకా ఉంది’ అని మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగేసరికి, ‘ధ్యానం చేస్తానంటున్నవాడిని ఏమని ఆపగలను? నీకు ఏది సమయమనిపిస్తే అది చెయ్యి’ అని పంపించాడు.

మేఘియుడు వెళ్లి చెట్టు కింద కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ మూడు రకాల ఆలోచనలు అతన్ని వదల్లేదు. కోరికల ఆలోచనలు, పగ ఆలోచనలు, హింస ఆలోచనలు. అతనికే ఆశ్చర్యం వేసింది. శ్రద్ధతో ఇల్లు విడిచి వచ్చానే, ఇంత ప్రశాంతమైన తోటలో కూర్చున్నానే, ఇవెక్కడివి అనుకున్నాడు. సాయంత్రం తిరిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. బుద్ధుడు, ‘నేను చెప్పలేదా’ అని దెప్పలేదు. పండని మనసు పండడానికి ఐదు కావాలన్నాడు. శీలం, మనసుకు మేలు చేసే మాటలు, ప్రయత్నం, ప్రజ్ఞ. వీటన్నిటికంటే ముందు చెప్పింది కల్యాణమిత్రుడు, అంటే మంచి దారిలో నడిపే స్నేహితుడు. ఆ ఒక్కటి ఉన్నవాడికి మిగిలిన నాలుగూ వస్తాయని నమ్మవచ్చు అని విడివిడిగా ఒక్కోదానికీ చెప్పాడు. మామిడి తోట నుంచి వచ్చినవాడికి పండడం గురించి చెప్పడం యాదృచ్ఛికమేమో తెలియదు కాని, కాయను చెట్టు నుంచి దించి ఒక్కదాన్నే ఎండలో పడేస్తే మాగదని మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గడ్డిలో, నాలుగు కాయల మధ్య పెడతాం.

మేఘియుడి కథ చెప్పడం మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. రాత్రి మూడింటికి మీకు మెలకువ వస్తోందన్నారు కదా, అప్పుడు మీరు ఏం చేస్తుంటారో నేను ఊహించగలను. ఆ మిత్రుడితో వాదిస్తుంటారు. ‘నేను నీకు ఏం తక్కువ చేశాను’ అని అడుగుతారు, అతని జవాబు కూడా మీరే చెబుతారు, ఆ జవాబుకు మళ్లీ మీరే మండిపడతారు. ఇప్పుడు పక్క గదిలో మీ భార్య నిద్రపోతోంది, బయట వీధిలో కుక్క మొరుగుతుంది, పాలవాడి బండి చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుళ్లు వాదాన్ని ఎక్కడో ఒక చోట తెంపుతాయి. తోటలో తెంపడానికి ఏమీ ఉండదు. తెల్లవారేదాకా ఆ మనిషి మీ మంచం పక్కనే కూర్చుని ఉంటాడు.

దీన్ని బుద్ధుడు ఎంత సూటిగా చెప్పాడో చూడండి. మిగజాలుడనే భిక్షువు వచ్చి, ఒంటరిగా ఉండేవాడని ఎవరిని అనాలి, జంటగా ఉండేవాడని ఎవరిని అనాలి అని అడిగాడు. మనసు దేన్నైనా పట్టుకుని వేళ్లాడుతున్నంతకాలం, జనసంచారం లేని కారడవిలో ఉన్నా అతను జంటగా ఉన్నవాడే, తృష్ణే అతని రెండో మనిషి అన్నాడు బుద్ధుడు. ఆ పట్టు వదిలినవాడు ఊరి నడుమ భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, రాజులు, మంత్రుల మధ్య ఉన్నా ఒంటరిగా ఉన్నవాడే. అక్కడ చెప్పింది తృష్ణ గురించి. కోపం కూడా అలాంటి రెండో మనిషే అని నేను నా అనుభవంతో చేర్చుకుంటున్నాను. మీరు గది కట్టేది ఒకరి కోసం, అందులో కాపురం చేయబోయేది ఇద్దరు.

కాబట్టి ముందు ఆ రెండో మనిషి లెక్క తేలాలి. ఆ జామీను మిత్రుడి దగ్గరికి వద్దాం.

రాజగృహంలో సిగాలుడనే గృహస్థుడు పొద్దున్నే తడిబట్టలతో, తడి జుట్టుతో ఆరు దిక్కులకు మొక్కుతుంటే బుద్ధుడు చూశాడు. తండ్రి చనిపోతూ మొక్కమన్నాడు, అందుకే మొక్కుతున్నాను అన్నాడు అతను. దిక్కులంటే మనుషులు అని చెప్పాడు బుద్ధుడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం మిత్రులు, కింద పనివాళ్లు, పైన శ్రమణ బ్రాహ్మణులు. ఆ సందర్భంలోనే మిత్రుడి వేషంలో వచ్చే నలుగురిని గుర్తుపట్టమన్నాడు. దక్కించుకోవడానికే వచ్చేవాడు, మాటలతో కడుపు నింపేవాడు, ముఖస్తుతి చేసేవాడు, చెడిపోవడానికి తోడొచ్చేవాడు. మీ మిత్రుడు వీళ్లలో ఎవరు?

మీ ఉత్తరం ఒక్కటే నా ముందు ఉంది, అతని వైపు మాట నేను వినలేదు. అయినా అతను నాలుగు బోర్లు వేయించాడని మీరే రాశారు. జల్సా చేశాడని రాయలేదు. బోరు బండి రాతి పొడి ఎగజిమ్ముతుంటే, ఆ పొడి ఎప్పుడు తడుస్తుందా అని ఇంటిల్లిపాదీ చెట్టు కింద నిలబడి చూడడం నేను చూశాను. మొదట్లో అందరూ మాట్లాడుతుంటారు. మూడు వందల అడుగులు దాటాక మాటలు తగ్గుతాయి. ఇంటి ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దుమ్ము కోసమో ఏడుపు ఆపుకోవడానికో తెలియకుండా నిలబడతారు. చివరికి బండివాడు ఇంజను ఆపి, ‘ఇంకో పైపు దించమంటారా’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి ముఖం మీరు ఒక్కసారి చూసి ఉంటే, అతను మీ ముందుకు ఎందుకు రాలేకపోతున్నాడో తెలిసేది. నాలుగుసార్లు ఆ ప్రశ్న విన్నాడు అతను.

ముఖం చూపించకపోవడం మీకు నమ్మకద్రోహంలా కనిపిస్తోంది. నాకు సిగ్గులా కనిపిస్తోంది. చేసినదానికి లోపల సిగ్గు, దాని ఫలితం గురించి భయం, ఈ రెండింటినీ బుద్ధుడు లోకాన్ని కాపాడే ధర్మాలన్నాడు. అవి ఉన్నవాడితో ఇంకా మాట్లాడవచ్చు. నా అంచనా తప్పయి, అతను తెలిసే మోసం చేసి ఉంటే, అప్పుడు మీ ఖడ్గమృగం మాట అతని విషయంలో చెల్లుతుంది. ‘నత్థి బాలే సహాయతా’ అని ధమ్మపదంలో ఉంది, తెలివిమాలినవాడితో సహవాసం ఉండదు. కాని అది తేల్చుకోవడానికైనా ఒకసారి ఎదురుగా కూర్చోవాలి కదా. కబురు పంపండి. ‘డబ్బు మాట తర్వాత, ముందు ఇంటికి రా’ అని. వస్తే మొదటి రోజు డబ్బు మాట నిజంగానే ఎత్తకండి. రెండోసారి కలిసినప్పుడు కాగితం, పెన్ను ముందు పెట్టుకుని, పత్తి అమ్మిన నెలలో ఎంత ఇవ్వగలడో, మామూలు నెలల్లో ఎంతో, అతని చేతనే రాయించండి. చిన్న మొత్తమైనా సరే. ఐదు వందలు తెచ్చి ఇవ్వడానికైనా మీ గడప తొక్కాలి, అదే అతనికి దారి.

మళ్లీ జామీను సంతకం పెట్టమని మాత్రం నేను అనను, బుద్ధుడూ అనలేదు. సిగాలుడికే ఆయన సంపాదన నాలుగు భాగాలు చేయమన్నాడు. ఒకటి అనుభవించడానికి, రెండు పనిలో పెట్టడానికి, నాలుగోది ఆపదకు దాచడానికి. అలా విభజించుకునేవాడే మిత్రులను నిలుపుకుంటాడని అదే చోట ఉంది. డబ్బు దగ్గర హద్దు పెట్టుకోవడం స్నేహానికి శత్రువని మనవాళ్లు అనుకుంటారు. ఆ హద్దు లేకనే ముప్పై ఏళ్ల స్నేహం ఇప్పుడు వీధిలో పక్కకు తప్పుకుని తిరుగుతోంది.

వెనక నవ్వుకునే మిత్రుల గురించి ఎక్కువ చెప్పను. అతులుడనే అతనితో బుద్ధుడు, ఇది ఇవాళ్టిది కాదు, మాట్లాడకుండా కూర్చున్నవాడినీ నిందిస్తారు, ఎక్కువ మాట్లాడేవాడినీ నిందిస్తారు, మితంగా మాట్లాడేవాడినీ నిందిస్తారు అన్నాడు. మీరు తోటలో ఉంటే దాని గురించీ మాట్లాడుకుంటారు.

ఇప్పుడు ఆ చాయ్ మిత్రుడు. ఉత్తరంలో అతనికి మీరు ఇచ్చింది రెండు మూడు వాక్యాలే. నాకు మాత్రం మీ కథ అంతటికీ అతనే ముఖ్యమైన మనిషి అనిపిస్తున్నాడు. ఈ ఒక్క విషయంలో సలహా కాదు, మనవి చేస్తున్నాను. అతన్ని రావద్దనకండి.

బుద్ధుడి శిష్యుడు ఆనందుడు ఒకసారి ఆయన దగ్గరికి వచ్చి, మంచి స్నేహం ఈ ధర్మజీవితంలో సగం అని నాకు అనిపిస్తోంది అన్నాడు. అది పెద్ద మాటే. బుద్ధుడు, ‘అలా అనకు ఆనందా, అది సగం కాదు, మొత్తం’ అన్నాడు. ఈ మాట చాలామందికి తెలుసు. అయితే ఆ మంచి స్నేహం రోజువారీ బతుకులో ఎలా ఉంటుందో చూపించే చోటు వేరే ఉంది, దాన్ని తక్కువమంది చదువుతారు.

కోసంబిలో భిక్షువులు చిన్న విషయం మీద రెండు వర్గాలుగా చీలి కొట్లాడుకుంటే, బుద్ధుడు ఎంత చెప్పినా వినలేదు. ఆయన పాత్ర తీసుకుని ఒక్కడే వెళ్లిపోయాడు. చూడండి, ఆయన కూడా మనుషుల గొడవకు విసిగి వెళ్లాడు, మీకు తోడు ఉన్నాడు. దారిలో ప్రాచీనవంశ వనంలో ముగ్గురు భిక్షువులు కనిపించారు. అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు. ఎలా ఉన్నారు, కలిసి ఉంటున్నారా అని అడిగాడు. పాలూ నీళ్లలా కలిసి ఉన్నాం, ఒకరినొకరు ప్రేమగా చూసుకుంటున్నాం అన్నారు. ఎలా సాధ్యమైందని అడిగితే అనురుద్ధుడు చెప్పిన జవాబులో ఉపన్యాసం లేదు. మాలో ఎవరు ముందు భిక్ష నుంచి వస్తే వాళ్లు ఆసనాలు వేసి, తాగే నీళ్లు, కాళ్లు కడుక్కునే నీళ్లు పెడతారు. ఆఖరున వచ్చినవాళ్లు మిగిలినది తిని, అంతా ఎత్తిపెట్టి, ఊడుస్తారు. నీళ్ల కుండ ఖాళీగా ఎవరికి కనిపిస్తే వాళ్లు నింపుతారు. ఒక్కరికి బరువైతే చేత్తో సైగ చేసి ఇంకొకరిని పిలిచి ఇద్దరం కలిసి మోస్తాం, దాని కోసం మౌనం విడవం. ఐదు రోజులకు ఒక రాత్రి మాత్రం తెల్లవార్లూ కూర్చుని ధర్మం మాట్లాడుకుంటాం.

నాలుగు రోజుల మౌనం, ఐదో రాత్రి మాటలు. కుండకు ఇద్దరి చేతులు. ముగ్గురూ ధ్యానం కోసమే అడవికి వచ్చినవాళ్లు, ముగ్గురికీ ఏకాంతం దక్కింది, ఎవరూ ఒంటరివాళ్లు కాలేదు. మీ ఇంట్లో రోజూ సాయంత్రం జరుగుతున్నది దీనికి ఎంత దగ్గరగా ఉందో మీరు గమనించలేదనుకుంటాను. అతను ఏమీ అడగడు. ఓదార్చడు. అప్పు ఎంత మిగిలిందో తెలుసుకోవాలని చూడడు. పేపరు చదివి వెళ్తాడు, మర్నాడు మళ్లీ వస్తాడు. రెండేళ్లుగా మీ పరువు గురించి ఊరంతా మాట్లాడుతుంటే, మీ ఇంటి ముందు అందరికీ కనిపించేలా కూర్చుంటున్నాడు. కష్టంలో వదిలిపోనివాడు అని సిగాలుడికి చెప్పిన గుర్తు ఇంతకంటే ఎలా ఉంటుంది? ఖడ్గమృగం పల్లవి ఆగిపోయే ఆ ఒక్క గాథలోని మనిషి మీ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

ఇంత చెప్పాక మీరు, అయితే ఏకాంతం వద్దంటారా అని అడగవచ్చు. కావాలి. తప్పకుండా కావాలి. ఎలా అన్నదే చెబుతాను.

మీరు ఫణిగిరి చూశారు. ఆ కొండ మీద 1941 నుంచి 1944 వరకు నిజాం కాలంలో తొలిసారి తవ్వకాలు జరిగాయి, తర్వాత 2001 నుంచి మళ్లీ జరిగాయి. మహాస్తూపం, చైత్యాలు, విహారాలు, స్తంభాల మండపం బయటపడ్డాయి. పిల్లలకు స్తూపం చూపించి ఉంటారు. ఈసారి వెళ్తే విహారాల గదుల దగ్గర నిలబడండి. ఒక్కో భిక్షువుకు ఒక్కో చిన్న గది. తలుపు వేసుకుంటే ఎవరూ ఉండరు. తలుపు తీస్తే అందరూ కలిసే చోటు. ఆ తర్వాత కొండ అంచుకు వచ్చి కిందికి చూడండి, ఊరు కనిపిస్తుంది. భిక్షువు ఉండే చోటు ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గర కాకూడదు, రాకపోకలకు వీలుగా ఉండాలి, పగలు రద్దీ, రాత్రి గోల ఉండకూడదు అని అంగుత్తర నికాయమనే మరో బోధల సంపుటంలో ఉంది. అక్కడ తెలిసిన పెద్దలు ఉండాలి, సందేహాలు అడగడానికి వీలుండాలి అని కూడా ఉంది. కొండ కింద ఊరు ఎందుకంటే, భిక్షువు అన్నం దాచుకోకూడదు. నీళ్లు, పందుంపుల్ల తప్ప, ఇంకొకరు చేత్తో ఇవ్వనిది ఏదీ నోట పెట్టకూడదు. భిక్షువుల నడవడికి పెట్టిన వినయ నియమం అది. ఎంత ఏకాంతవాసి అయినా రోజుకొకసారి ఒక మనిషి ఎదుట నిలబడక తప్పదు. ఈ నియమం పెట్టినవారికి మనుషుల నుంచి పారిపోవడం ఎంత సులువో బాగా తెలుసని నా నమ్మకం.

బత్తాయి రైతులైన మీకు ఇంకో సంగతి నేను చెప్పనక్కర్లేదు. పూత కోసం తోటను బెట్టకు వదులుతారు. నీళ్లు ఆపేస్తారు, ఆకు వాడి ముడుచుకుంటుంది. ఆ తర్వాత ఎరువు వేసి నీళ్లు కడితే చెట్టంతా పూత వస్తుంది. కాని ఎన్నాళ్లు ఆపాలన్నది నేలను బట్టి లెక్క ఉంటుంది. తేలిక నేలల్లో తక్కువ, బరువు నేలల్లో ఎక్కువ. లెక్క తప్పి నీళ్లు కట్టడం మరిచిపోతే వచ్చేది పూత కాదు, ఎండు కొమ్మలు. మీ ఏకాంతానికీ అలా రోజులు లెక్క పెట్టుకోండి. గృహస్థుల కోసం బౌద్ధంలో అందుకు ఏర్పాటు ఉంది, ఉపోసథం. పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు. ఆ రోజుల్లో ఎనిమిది శీలాలు పాటించి, మధ్యాహ్నం దాటాక భోజనం మాని, అలంకారాలు, వినోదాలు వదిలి ఉంటారు. మీరు ఆ నాలుగు రోజులు తోటలో ఉండండి. బడి ఉన్న రోజైతే సాయంత్రం వెళ్లి రాత్రి ఉండి రండి. ఫోను తీసేయకండి, మీ ఇంటావిడకు మాత్రం వినిపించేలా పెట్టుకోండి. మర్నాడు ఇంటికి రండి. మూడు నెలలు అలా చేసి, రాత్రి మూడింటి వాదాలు తగ్గాయో పెరిగాయో చూసుకోండి. తగ్గితే రోజులు పెంచుకోండి, ఎవరూ కాదనరు. పెరిగితే మేఘియుడిలా వెనక్కి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పండి, మీ భార్యకైనా, చాయ్ మిత్రుడికైనా.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. వారాల తరబడి తెల్లవారుజామునే మెలకువ రావడం, ఆకలి తగ్గడం, దేని మీదా ఇష్టం లేకపోవడం ఉంటే అది ధర్మసందేహం కాదు, డాక్టరుకు చూపించుకోవలసిన విషయం. బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అలాంటి రాత్రులు నడుస్తున్నంతకాలం తోటలో ఒక్కరే పడుకోకండి, పౌర్ణమి అయినా సరే.

చివరగా ఒక పుస్తకం. మన నాగార్జునసాగర్‌కు ఎవరి పేరు వచ్చిందో ఆ బౌద్ధ తత్త్వవేత్త ఆచార్య నాగార్జునుడు ‘సుహృల్లేఖ’ అని ఒక ఉత్తరం రాశాడు. మిత్రుడికి లేఖ అని అర్థం. శాతవాహన రాజుకు రాశాడని సంప్రదాయం చెబుతుంది. శూన్యత గురించి అంత కఠినమైన తర్కం రాసినవాడు, స్నేహితుడికి రాసినప్పుడు భార్య, సంపద, చావు, ఓర్పు గురించి తేలిక మాటల్లో రాశాడు. మంచి మిత్రుడిని ఆశ్రయించడమే ధర్మజీవితం సంపూర్ణం కావడం అన్న బుద్ధుని మాటను అందులోనూ గుర్తు చేశాడు. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడ చదువు మొదలుపెట్టినవాళ్లు ఈ లేఖను కంఠస్థం చేస్తారని రాశాడు. మొత్తం 123 శ్లోకాలు. సంస్కృత మూలం పోయింది, టిబెటన్, చైనా భాషల్లో నిలిచింది, ఇంగ్లిషు అనువాదాలు దొరుకుతాయి. సాయంత్రం చాయ్ వేళకు రోజుకు ఒక్క శ్లోకం చదివి, తెలుగులో అర్థం చెప్పండి. మీరు పంతులుగారు, అది మీకు వచ్చిన పనే. అతను పేపరు పక్కన పెట్టకపోయినా చదవండి. నాలుగు నెలలకు పూర్తవుతుంది. ఈలోగా మీరు పంపిన కబురు అంది ఆ మూడో మనిషి కూడా గుమ్మం దాకా వస్తే, ఇంకో కుర్చీ వేయించండి.